ఆధ్యాత్మిక పోరాటం – ప్రార్థనా బలం



పోరాటం అనే మాట వినగానే మనకు కత్తులు, తుపాకులు, సరిహద్దులు గుర్తుకు వస్తాయి. కానీ జ్ఞానస్నానం పొందిన ప్రతి విశ్వాసీ ఆ రోజునుంచే ఒక పోరాటంలో ఉన్నాడు. పసిబిడ్డలుగా మనలను జ్ఞానస్నానపు తొట్టి దగ్గరకు తెచ్చిన రోజును తలచుకోండి. గురువు ముందుగా బిడ్డ విడుదల కోసం ప్రార్థన చేస్తారు. రొమ్ముపై తైలం పూస్తారు. తరువాత పిశాచిని, దాని క్రియలను విడనాడుతున్నారా అని తల్లిదండ్రులను, జ్ఞానతల్లిదండ్రులను అడుగుతారు. ఆ పిమ్మటనే విశ్వాసాన్ని గురించి అడుగుతారు. పూర్వకాలంలో మల్లయోధులు గోదాలో దిగే ముందు ఒంటికి నూనె రాసుకునేవారు. ఆ తైలానికి అర్థం అదే. బిడ్డ ఇంకా కళ్ళు తెరిచి లోకాన్ని సరిగా చూడనైనా లేదు, శ్రీసభ అప్పుడే ఆ బిడ్డను పోరాటానికి సిద్ధం చేసింది.

ఈ పోరాటంలో ప్రార్థన స్థానం ఏమిటి? ఈ వారం మన పాఠం ఇదే. మూడు విషయాలు వరుసగా చూద్దాం: మన శత్రువు ఎవరు, ప్రార్థన ఈ పోరులో ఏం చేస్తుంది, ప్రార్థనమీదనే దాడి జరిగినప్పుడు మనం ఏం చేయాలి.

శత్రువు ఎవరు?

సైతాను విషయంలో మనుష్యులు రెండు విధాలుగా పొరబడతారు. చదువుకున్నవారిలో కొందరు అసలు సైతాను లేడు, అదంతా పాతకాలపు ఊహ అంటారు. మరికొందరు తలనొప్పి వచ్చినా, బర్రె పాలివ్వకపోయినా, బస్సు తప్పిపోయినా అది సైతాను పనే అంటారు. మొదటివాడు కాపలా మానేస్తాడు. రెండవవాడు భయానికి బానిస అవుతాడు. శత్రువుకు ఇద్దరూ అనుకూలురే.

పునీత అగస్టీనువారు (354–430) యౌవనంలో 9 ఏండ్లపాటు మానీ మతస్థుల బోధ విన్నారు. వెలుగు, చీకటి అనే రెండు శక్తులు ఆదినుండి సరిసమానంగా పోరాడుతున్నాయన్నది వారి బోధ. అగస్టీనువారు దానిని వదలి వచ్చాక మనకు గొప్ప సత్యాన్ని వివరించారు: చెడుగు అనేది దేవునికి ఎదురుగా నిలిచిన మరొక దైవం కాదు, ఉండవలసిన మంచి లేకపోవడమే చెడుగు. 1215లో జరిగిన నాలుగవ లాతరాను మహాసభ కూడా పిశాచాలను దేవుడు మంచివాటిగానే సృష్టించాడని, అవి తమంతట తామే చెడిపోయాయని స్పష్టం చేసింది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 391 నుండి 395 వరకు గల పేరాలలో ఈ బోధనే ఇస్తూ, సైతాను ఒక సృష్టి మాత్రమే కనుక వాని శక్తికి హద్దు ఉందని చెబుతున్నది.

దీని ఫలితం ఏమిటి? మన పోరాటం ఇద్దరు సమఉజ్జీల మధ్య జరిగే కుస్తీ కాదు. క్రీస్తు సిలువపై గెలిచిన విజయంలో మనం పాలుపంచుకుంటున్నాం. కనుక ప్రార్థన భయంతో వేసే కేక కాదు. గెలిచినవాని పక్కన నిలబడటమే ప్రార్థన.

ఎదుటి మనిషి శత్రువు కాడు

ఎఫెసీయులకు వ్రాసిన లేఖ 6వ అధ్యాయం 12వ వచనం తీసి చదవండి. మన పోరాటం రక్తమాంసాలున్న మనుష్యులతో కాదని పునీత పౌలు అక్కడ చెబుతున్నారు. ఈ ఒక్క మాట మన పల్లెలకు అర్థమైతే ఎన్నో కుటుంబాలు బాగుపడతాయి.

నేను పనిచేసిన ఒక విచారణలో ఒక తల్లి నన్ను వెదుక్కుంటూ వచ్చింది. ఆరు నెలల్లో ఇంట్లో రెండు జ్వరాలు, ఒక గేదె చావు, కొడుక్కి కుదిరిన సంబంధం తప్పిపోవడం. ఒక తెల్లవారుజామున గడప ముందు కుంకుమ పూసిన నిమ్మకాయ కనిపించింది. గోడ అవతల ఉండే వితంతువే చేతబడి చేయించిందని ఆమె నిశ్చయించుకుంది. "ఫాదర్‌గారూ, చేసినవాళ్ళకే తిరిగి తగిలేలా ప్రార్థన చేయండి" అని అడిగింది.

అటువంటి ప్రార్థన శ్రీసభ వద్ద లేదని చెప్పాను. "అమ్మా, తొమ్మిది రోజులు మీ ఇంట్లో జపమాల చెప్పుకోండి. ప్రతి రోజూ ఒక పది పూసలు ఆ పక్కింటామె క్షేమం కోసం చెప్పండి" అన్నాను. ఆమెకు నచ్చలేదు. అయినా గురువు మాట తీసివేయలేక మొదలుపెట్టింది. నాలుగు రోజులు ఆ పది పూసలు చెప్పేటప్పుడు గొంతు పెగలలేదట. ఆరవ రోజున పక్కింటామెకు జ్వరమని తెలిసి గిన్నెడు జావ కాచి పట్టుకెళ్ళింది. తప్పిపోయిన సంబంధం తిరిగి రాలేదు, చచ్చిన గేదె బ్రతకలేదు. కానీ ఆ గోడకు రెండు వైపులా ఉన్న పగ పోయింది. ఆ ఇంట్లో సైతాను నిజంగా పట్టు సంపాదించిన చోటు నిమ్మకాయలో లేదు, ఆ పగలో ఉంది. జపమాల ఆ పట్టునే విడిపించింది.

మన తెలుగు నేలమీద చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుష్యులను కొట్టిన, చంపిన సంఘటనలు కూడా ఉన్నాయి. పిశాచంతో పోరాడుతున్నామనుకుంటూనే పిశాచం పని చేయడం అంటే ఇదే.

ఆయుధాల వరుసలో ప్రార్థన

పౌలు ఆ లేఖను సంకెళ్ళలో ఉండి వ్రాశారు. రోమా సైనికుని ఆయుధాలను ఒక్కొక్కటిగా చెబుతూ పోయారు: సత్యమనే నడికట్టు, నీతి అనే కవచం, సమాధాన సువార్త అనే పాదరక్షలు, విశ్వాసమనే డాలు, రక్షణ అనే శిరస్త్రాణం, దైవవాక్కు అనే ఆత్మఖడ్గం. మొత్తం 6. జాగ్రత్తగా చూస్తే ప్రార్థన ఈ ఆరింటిలో ఒకటి కాదు. దాన్ని ఏ ఆయుధంతోనూ ఆయన పోల్చలేదు. ఆరూ చెప్పిన తరువాత 18వ వచనంలో అన్ని వేళలా ఆత్మయందు ప్రార్థించమని, మెలకువగా ఉండమని, పునీతులందరికోసం విన్నవించమని కోరారు.

ఎందుకిలా? ఆయుధం సైనికుడు పట్టుకునేది. ఊపిరి అతనిలో ఆడేది. ఊపిరి ఆగిపోయినవానికి ఎంత మంచి కవచం తొడిగినా ఏం లాభం? ప్రార్థన లేని సత్యం వాదులాటగా మారుతుంది. ప్రార్థన లేని నీతి గర్వంగా మారుతుంది. ప్రార్థన లేకుండా పట్టుకున్న దైవవాక్కు ఎదుటివాని నోరు మూయించే కర్ర అవుతుంది. వాక్కును సైతాను కూడా వల్లించగలడు. ఎడారిలో ప్రభువును శోధించినప్పుడు వాడు కీర్తనలలోని మాటలనే వాడుకున్నాడు (లూకా 4:10–11). యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశ కాండంలోని మాటలతోనే బదులిచ్చారు. ఇద్దరి నోటా ఉన్నది పవిత్ర గ్రంథమే. తేడా ఎక్కడ? యేసు ఆ మాటలను 40 దినాల ఉపవాసంలో, తండ్రి సన్నిధిలో నిలిచి పలికారు. సైతాను తండ్రికి దూరమై పలికాడు.

మరొక విషయం. పౌలు చివరకు తనకోసం కూడా ప్రార్థించమని అడిగారు. చేతికి సంకెళ్ళున్నాయి. అవి ఊడిపడాలని ఆయన అక్కడ అడగలేదు. సువార్తను ధైర్యంగా చెప్పడానికి నోరు తెరవగలిగితే చాలునన్నారు. పోరాటంలో ఉన్నవాడు ఏమి అడగాలో ఇక్కడ నేర్చుకోవచ్చు. కష్టం పోవాలని అడగడం తప్పు కాదు. కష్టంలో నమ్మకంగా నిలవాలని అడగడం దానికంటే మేలైనది.

నిద్రపోయినవాని చేతిలో కత్తి

ప్రార్థన ఏం చేస్తుందో తెలియాలంటే గెత్సేమనికి వెళ్ళాలి. కడరా భోజనం దగ్గరే ప్రభువు పేతురును హెచ్చరించారు: గోధుమలను జల్లెడ పట్టినట్లు మిమ్ములను జల్లెడ పట్టడానికి సైతాను అడిగాడని, అయితే అతని విశ్వాసం సన్నగిల్లకుండా తాను ప్రార్థించానని చెప్పారు (లూకా 22:31–32). కళ్ళంలో జల్లెడ పట్టేవారికి తెలుసు, గింజను ఎంత ఊపినా అది గింజగానే ఉంటుంది, పొల్లు మాత్రమే బయటపడుతుంది.

తోటలో ఇద్దరి తీరునూ పోల్చి చూడండి. ప్రభువు మోకరించి ప్రార్థించారు. మత్తయి చెప్పిన ప్రకారం మూడుసార్లు అదే ప్రార్థన చేశారు (26:44). లూకా ఆయన వేదనకు వాడిన గ్రీకు మాట అగోనియా. పందెంలో, మల్లరంగంలో జరిగే పెనుగులాటను గుర్తుచేసే మాట అది. చెమట రక్తబిందువులవలె నేలపై పడింది. అదే సమయంలో, రాతివేత దూరంలో, పేతురు నిద్రపోతున్నాడు. గంటసేపైనా మెలకువగా ఉండలేకపోయాడు.

తరువాత ఏం జరిగింది? సైనికులు వచ్చారు. ప్రార్థించినవాడు లేచి నెమ్మదిగా ఎదురు వెళ్ళాడు. నిద్రపోయినవాడు కత్తి దూసి ప్రధానార్చకుని సేవకుని చెవి నరికాడు (యోహాను 18:10). కొన్ని గంటల్లోనే అదే పేతురు ఒక పనిపిల్ల ముందు తన గురువును ఎరుగనన్నాడు. కత్తి దూసిన తెగువ ఆమె అడిగిన ఒక్క ప్రశ్నకు జారిపోయింది. ప్రభువైతే, లూకా చెప్పినట్లు, ఆ చెవిని తాకి స్వస్థపరిచారు.

ఇక్కడ ఒక నియమం కనిపిస్తుంది. ప్రార్థించనివాడు కూడా పోరాడతాడు, కానీ పోరాడకూడని మనిషితో పోరాడతాడు. భార్యమీద కేకలు వేసేవాడు, అన్నదమ్ములతో గట్టు తగాదాకు దిగేవాడు, పక్క కులంవారిమీద విషం కక్కేవాడు, దేవాలయ కమిటీలో పదవికోసం వర్గాలు కట్టేవాడు – వీరందరూ ఏదో ఒకదానితో పోరాడుతున్నారు. మోకాళ్ళమీద చేయవలసిన పోరును చేయకపోవడంవల్ల అది వీధిలో చేస్తున్నారు. ఎంతమంది చెవులు తెగుతున్నాయో మన విచారణల్లో మనకే తెలుసు.

అయితే పేతురు నశించలేదు. ఎందుకు? అతడు నిద్రపోయినా అతనికోసం ప్రార్థించినవారు నిద్రపోలేదు. ఆ నిద్రపోయినవాడే ఏండ్ల తరువాత, సైతాను గర్జించే సింహంలా తిరుగుతున్నాడు కనుక మెలకువగా ఉండమని మనకు వ్రాశాడు (1 పేతురు 5:8). ఆ సలహా వెనుక తోటలోని ఆ రాత్రి ఉందని నేను నమ్ముతాను.

ప్రార్థన ఏం చేస్తుంది?

"దేవునికి అన్నీ తెలుసు కదా, మళ్ళీ అడగడమెందుకు?" అని సత్యోపదేశ తరగతుల్లో పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. పునీత అక్వినా తోమాసువారు (1225–1274) దీనికి జవాబిచ్చారు. మనం ప్రార్థించేది దేవుని సంకల్పాన్ని మార్చడానికి కాదు. ప్రార్థన ద్వారా మనకు దొరకాలని దేవుడు ఏది సంకల్పించాడో దానిని పొందడానికి. పంట ఇచ్చేది దేవుడే. అయినా దుక్కి దున్నకుండా ఇవ్వాలని ఆయన నిర్ణయించలేదు. దుక్కి దేవుని మనసును మార్చదు, నేలను సిద్ధం చేస్తుంది. ప్రార్థన కూడా అంతే.

మార్కు సువార్త 9వ అధ్యాయంలో మూగదయ్యం పట్టిన బాలుని శిష్యులు బాగుచేయలేకపోయారు. వారికి అధికారం లేదా? ఉంది. 6వ అధ్యాయంలో ప్రభువు వారికి అపవిత్రాత్మలమీద అధికారమిచ్చి పంపారు, వారు ఎన్నో దయ్యాలను వెళ్ళగొట్టారు. మరి ఇప్పుడెందుకు ఓడిపోయారు? ఇటువంటిది ప్రార్థనవల్ల తప్ప వెళ్ళదని ప్రభువు చెప్పారు. నిరుడు నిండిన చెరువు ఈ ఏటి పైరుకు చాలదు. కొత్త నన్మ, భద్రమైన అభ్యంగనం, వివాహం, చివరకు గురుపట్టం – ఏనాడో పొందిన వరప్రసాదం లోపల ఉంది నిజమే. రోజూ దేవుని దగ్గర చేయి చాచనివాడు ఆ వరాన్ని తన సొంత బలమనుకుంటాడు. ఓటమి అక్కడే మొదలవుతుంది.

ప్రార్థనమీదనే దాడి

కోటను పట్టదలచినవాడు మొదట నీళ్ళు వచ్చే కాలువను తెంచుతాడు. మన శత్రువు మొదట దెబ్బ కొట్టేది కూడా ప్రార్థననే. సత్యోపదేశ గ్రంథం 2725వ పేరానుండి ప్రార్థనను ఒక పోరాటమని పిలుస్తూ, అందులోని కష్టాలను వివరిస్తున్నది. అందులో మనకు నిత్యం ఎదురయ్యేవి నాలుగు.

మొదటిది, పరాకు. జపమాల చేతిలో ఉంటుంది, మనసు మిర్చి ధర మీద ఉంటుంది. ఇప్పుడు దీనికి జేబులోని ఫోను తోడైంది. పరాకులను తరుముతూ పోతే వాటి వలలోనే పడతాం. మనసు ఎటు పోయిందో చూచుకోండి, అది దేనికి కట్టుబడి ఉందో తెలుస్తుంది. ఆ విషయాన్నే ప్రభువు ముందు పెట్టి మళ్ళీ జపంలోకి రండి.

రెండవది, ఎండిన స్థితి. ఏ రుచీ ఉండదు, దేవుడు దూరమైనట్లుంటుంది. అవిలాపురి పునీత తెరేసమ్మ (1515–1582) ప్రార్థనకు గొప్ప గురువు. శ్రీసభ పండితురాలు. ఆమెకు కూడా కొన్నేళ్ళపాటు ప్రార్థన గంట ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం మోత కోసం ఎదురుచూసే స్థితి ఉండేదని తన జీవిత చరిత్రలో ఆమే వ్రాసుకున్నారు. మనసు లేకున్నా ఆమె అక్కడే కూర్చున్నారు. పోరాటమంటే అదే.

మూడవది, విసుగు. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో జీవించిన ఏవగ్రియస్ అనే మఠవాసి దీనికి మధ్యాహ్న పిశాచమని పేరు పెట్టారు. అది పట్టినప్పుడు సూర్యుడు కదలనట్లుంటుంది, మాటిమాటికీ కిటికీలోంచి తొంగిచూడాలనిపిస్తుంది, ఉన్న చోటు, చేస్తున్న పని, తోటి సోదరులు ఎవరూ నచ్చరు. ఏవగ్రియస్ 399లో మరణించారు కానీ ఆ పిశాచం మరణించలేదు. ఆయన చూపిన మందు ఒకటుంది: వచ్చిన ప్రతి దురాలోచనకు ఎదురుగా పవిత్ర గ్రంథంలోని ఒక చిన్న మాటను పలకాలి. అందుకోసం దాదాపు 500 సందర్భాలకు ఆయన ఒక పుస్తకమే కూర్చారు. ఎడారిలో ప్రభువు చేసినది కూడా ఇదే.

నాలుగవది, దేవుడు వినలేదన్న నిరాశ. పునీత అంతోనివారిని తలచుకోండి. మనం మంగళవారాలు నవదిన ప్రార్థనలు చేసే పాదువాపురి అంతోనివారు కారు, 356లో మరణించిన ఈజిప్టు ఎడారి అంతోనివారు. ఆయన జీవితాన్ని పునీత అథనాసియుసువారు వ్రాశారు. పిశాచాలతో పెనుగులాడి ఒళ్ళంతా గాయపడిన తరువాత ఒక వెలుగు దిగివచ్చింది. ఇంతవరకు ఎక్కడున్నావని ఆయన అడిగారు. తాను అక్కడే ఉన్నానని, అతని పోరాటాన్ని చూస్తున్నానని జవాబు వచ్చింది. దేవుడు మౌనంగా ఉన్నంతమాత్రాన మనలను విడిచిపోయినట్లు కాదు.

ఒక సైనికుడు నేర్పిన మూడు నియమాలు

లొయోలాపురి పునీత ఇన్నాసివారు (1491–1556) నిజంగా కత్తి పట్టినవారు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచంమీదనుండి లేచినవాడు వేరొక రాజు సైనికుడయ్యాడు. 1548లో మూడవ పౌలు పోపుగారి ఆమోదం పొందిన ఆయన ఆధ్యాత్మిక సాధనల గ్రంథంనుండి మూడు నియమాలు చెబుతాను.

ఒకటి, మనసు చీకటిలో ఉన్నప్పుడు అంతకుముందు వెలుగులో తీసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చుకోకూడదు. ఆ సమయంలో సలహా ఇచ్చేవాడు మంచివాడు కాడు. మఠం విడిచిపెడదామని, కాపురం వదులుకుందామని, ఇక బ్రతకడం దండగని అనిపించే రాత్రిలో ఏ నిర్ణయమూ చేయవద్దు. తెల్లవారనివ్వండి.

రెండు, ప్రార్థన గంట బరువుగా ఉన్నప్పుడు దానిని తగ్గించవద్దు, గంటకు మరి కాస్త ఎక్కువ ఉండండి. ఎదిరించడమే కాదు, శత్రువును పడగొట్టడం కూడా అలవాటవుతుంది.

మూడు, రహస్యాన్ని బయటపెట్టండి. మోసగాడైన ప్రియుడు ఆడపిల్లతో, ఈ విషయం మీ నాన్నకు చెప్పవద్దంటాడు. సైతాను కూడా అంతే. భర్తకు తెలియని అప్పు, తల్లికి తెలియని ఫోను అలవాటు, ఎవరికీ చెప్పని నిరాశ – చీకటిలో ఉన్నంతకాలం వాటికి బలం. పాపసంకీర్తనంలో గురువుకో, దైవభక్తి, వివేకం గల పెద్దకో చెప్పినరోజున సగం బలం పోతుంది. ప్రార్థన కూడా మొదట ఇదే: దేవునికి దాచకుండా చెప్పడం.

ఒంటరి సైనికుడు లేడు

నిర్గమ కాండం 17వ అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం జరిగింది. మైదానంలో యెహోషువ, కొండమీద మోషే. మోషే చేతులెత్తి ఉన్నంతసేపు యిస్రాయేలీయులది పైచేయి. చేతులు దించితే శత్రువుది పైచేయి. అంత పెద్ద ప్రవక్త చేతులు కూడా నొప్పిపుట్టాయి. అప్పుడు అహరోను, హూరు ఆయనను రాతిపై కూర్చోబెట్టి, చెరొక చేయి పొద్దుగూకేవరకు పట్టుకున్నారు.

మన కుటుంబ ప్రార్థనలు, ఆదివార దివ్యబలిపూజ, విచారణలోని మరియదళం జపమాల – ఇవన్నీ మనం ఒకరి చేతులు ఒకరం పట్టుకోవడం. మన చేతులు పడిపోయిన రోజున మరియతల్లి, పునీతులు, దేవదూతలు పట్టుకుంటారు. 13వ సింహరాయలు పోపుగారు 1886లో మిఖాయేలు అతిదూత ప్రార్థనను చిన్నపూజ తరువాత చెప్పే జపాలలో చేర్చారు. 1960లలో పూజావిధుల సంస్కరణతో ఆ జపాలు ఆగినా, 2వ జాన్ పౌల్ పోపుగారు 1994 ఏప్రిల్ 24న దానిని మరచిపోవద్దని విశ్వాసులను కోరారు. ఫ్రాన్సిస్ పోపుగారు కూడా 2018 అక్టోబరు నెలలో జపమాలతోపాటు దానిని చెప్పమన్నారు. పడుకోబోయే ముందు పిల్లలకు నేర్పండి.

1941లో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో పునీత మాక్సిమిలియన్ కోల్బేవారు మరొక ఖైదీకి బదులుగా ఆకలిచావుకు ముందుకు వచ్చారు. ఆ నేలమాళిగలోనుండి ఏడ్పులకు బదులు జపాలు, కీర్తనలు వినిపించాయని చూచినవారు చెప్పారు. ఆగస్టు 14న, దేవమాత మోక్షారోపణ పండుగ ముందురోజున, విషపు సూదితో ఆయనను చంపారు. ఆ మనుష్యుల్ని ద్వేషంతో నింపడానికే కట్టిన చోటది. అక్కడ సైతాను ద్వేషాన్ని పుట్టించలేకపోయాడు. ప్రార్థన గెలవడమంటే ఇదే.

తాయెత్తులు, దయ్యాలు, వైద్యులు

ఒక హెచ్చరిక అవసరం. ఉదయం దివ్యసత్ప్రసాదం తీసుకుని సాయంత్రం మంత్రగాని దగ్గర తాయెత్తు కట్టించుకునేవారున్నారు. తాయెత్తులు ధరించడం తగదని సత్యోపదేశ గ్రంథం 2117వ పేరా చెబుతున్నది. జపమాలను, దీవించిన నీళ్ళను కూడా కొందరు తాయెత్తులాగే వాడతారు. మెడలో వేసుకున్న జపమాల చేతిలోకి రాకపోతే అది నగ మాత్రమే.

దయ్యం పట్టిందని అనుమానించిన వ్యక్తిని కొట్టడం, వేప మండలతో బాదడం, ఆకలికి మాడ్చడం, గొలుసులతో కట్టడం ఘోరమైన పాపం. మూర్ఛ, మానసిక రోగం వైద్యులు చూడవలసిన వ్యాధులు. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం రోగిని ప్రార్థించమని చెప్పి, వెంటనే వైద్యునికి చోటివ్వమని కూడా చెబుతున్నది. పెద్ద భూతోచ్చాటన చేయడానికి పీఠాధిపతులు అనుమతించిన గురువుకు మాత్రమే అధికారముంది. దానికి ముందు అది వ్యాధి కాదని నిర్ధారించుకోవాలి (సత్యోపదేశం 1673). మందు మాన్పించే ప్రార్థనా కూటాలకు మీ బిడ్డలను తీసుకువెళ్ళకండి.

ఈ వారం సాధన

1. రోజుకు 15 నిమిషాలు ఒకే సమయంలో, ఒకే చోట ప్రార్థించండి. ఫోను వేరే గదిలో పెట్టండి. మనసు లేని రోజున 16 నిమిషాలు ఉండండి.

2. మిమ్ములను తరచుగా వేధించే దురాలోచన ఒక్కటి గుర్తించండి. దానికి జవాబుగా నిలిచే ఒక చిన్న వచనాన్ని సువార్తలోనుండి ఎన్నుకుని కంఠస్థం చేయండి.

3. మీకు గిట్టని ఒక మనిషి పేరు చెప్పి, రోజూ ఒక పది పూసల జపమాల అర్పించండి.

4. ఎవరికీ చెప్పని విషయం ఏదైనా లోపల కుళ్ళుతుంటే ఈ శనివారం పాపసంకీర్తనానికి వెళ్ళండి.

ఆత్మపరిశీలనకు: ఈ నెలలో నేను ఎవరితో పోట్లాడాను? ఆ పోట్లాటకు ముందు ఆ విషయాన్ని ఒక్కసారైనా ప్రభువు ముందు పెట్టానా? ఈ రోజు ఎవరి చేతులు బరువెక్కి వాలిపోతున్నాయి? వాటిని పట్టుకోవడానికి నేను వెళ్ళగలనా?

పరలోక జపాన్ని ఈ రాత్రి ఇంటిల్లిపాదీ నెమ్మదిగా చెప్పండి. చివరి రెండు మనవుల దగ్గర, శోధననుండి, కీడునుండి కాపాడమని అడిగే చోట, కాసేపు ఆగండి. అవి మనకు నేర్పినవారు ఆ పోరాటాన్ని ముందే పోరాడి గెలిచినవారు. మీ పేరు తీసుకుని ఆయన ఇప్పుడు కూడా తండ్రి కుడిపక్కన విన్నవిస్తున్నారు. ఆయన శాంతి మీ ఇంటిమీద నిలుచుగాక. ఆమెన్.